ఇంటి బీమా – రుజువు ముందు, నష్టము వెనుక

సంఘ సభ్యులగు రైతుసోదరులకు ఒక విషయమును విన్నవింపగోరుచున్నాము. మన గుంటూరు, ప్రకాశము సీమలలో విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, మిరప ధరను గూర్చియు ప్రతి అరుగుమీదను చర్చ జరుగును. కాని తల దాచుకొను ఇల్లు కూలినప్పుడు దానిని మరల నిలుపుకొను మార్గమును గూర్చి మాటలాడువారు అరుదు.

తుపానులు మనకు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమతోపాటు మన తీరగ్రామములను గూడ పీడించెను. 2023 డిసెంబరు 5వ తేదీని మిచౌంగ్ తుపాను బాపట్లకు సమీపముననే తీరము దాటెను. ఇట్టి ప్రతి సందర్భమునను మనవారు చేయుచున్నది ఒక్కటే: పేరు వ్రాసికొని పోవు ఉద్యోగి కొరకు ఎదురుచూచుట. ప్రభుత్వ సహాయమును కోరుట తప్పుకాదు. ఐనను, అది ఎంతయో నిర్ణయించువాడు ఇచ్చువాడే. బీమా అట్టిది కాదు. ప్రీమియము చెల్లించి పొందిన ఒడంబడిక కాన అది హక్కు. ఆ హక్కును సాధించుటకు రుజువు కావలెను. ఆ రుజువును నష్టమునకు ముందే కూర్చుకొనవలెననుటయే మా అభిప్రాయము.

పంట బీమాకు అలవాటుపడిన మన రైతులు ఇంటి బీమాయు అట్టిదేయని తలంచుచున్నారు. పంట బీమాలో సాధారణముగా గ్రామమునో మండలమునో ఒక ఘటకముగా నెంచి, కోతప్రయోగముల దిగుబడిని బట్టి అందరికిని ఒకే లెక్క కట్టుదురు. ఇంటి విషయమున నట్లు గాదు. పొరుగువానికి వచ్చినదని మనకు రాదు. ఎవరి గోడ వారిదే, ఎవరి రుజువు వారిదే.

2021 ఏప్రిల్ 1వ తేదీ నుండి ‘భారత్ గృహ రక్ష’ యను ఒకే తీరు పాలసీని అగ్నిబీమా వ్యాపారము చేయు కంపెనీలన్నియు అమ్మవలెనని బీమా నియంత్రణ సంస్థ ఏర్పాటు చేసినది. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, వరద మున్నగునవి ఇందు చేరియున్నవి. నేల ధర ఇందు చేరదు. కట్టడపు ఖర్చు మాత్రమే లెక్క. గదుల లోపలి కొలత 800 చదరపు అడుగులనియు, అడుగునకు నిర్మాణవ్యయము 1,500 రూపాయలనియు అనుకొందము. బీమా మొత్తము 12 లక్షలగును. ఇంటికిని సామానుకును కలిపి తీసికొన్నచో, విడిగా జాబితా ఇయ్యకయే, ఇంటి మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షలకు మించకుండ, సామానునకు రక్షణ కలుగును. పై లెక్క ప్రకారము అది 2,40,000 రూపాయలు. ఐతే వసారాలో అమ్మకమునకు నిలువచేసిన మిరప బస్తాలును, పత్తి బోరెములును గృహసామాను క్రిందికి వచ్చునని నమ్మియుండరాదు. సరకునకు వేరు పాలసీ కలదు. ఇంటి కప్పు పెంకో, రేకో, తాటాకో, ఉన్నదున్నట్లు దరఖాస్తులో వ్రాయవలెను. అచ్చట దాచినది క్లెయిమునాడు బయటపడును.

మరియొక మాట. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టినవారిలో ననేకుల పేర బ్యాంకువారే బీమా చేయించియుందురు. ఆ సంగతి ఇంటియజమానికే తెలియదు. అట్టివారు బ్యాంకునడిగి పాలసీ నకలు తెచ్చుకొనవలెను. అది అప్పు మేరకేనా, ఇంటి పూర్తి విలువకా యని చూడవలెను. అందు బ్యాంకు పేరు చేర్చియున్నచో సొమ్ము ముందు బ్యాంకు చేతికే పోవునని యెరుగవలెను.

మన నల్లరేగడి నేలను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. అది వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానితో గోడలును బీటలు వారును. పునాది క్రుంగుట చేత వచ్చు మామూలు బీటలకును, పనివాని లోపమునకును బీమా వర్తింపదు. తుపాను మరునాడు సర్వేయరు వచ్చి, ‘ఇది పాత బీట’ యన్నచో మన మేమి చూపగలము? వానాకాలమునకు ముందు నాలుగు గోడలకును, కప్పునకును, సామానునకును తేదీ పడునట్లు తీసిన ఛాయాచిత్రములే యచ్చట మన సాక్షులు. నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు కాన, ఇది గడియసేపటి పని.

నష్టము జరిగిన పిమ్మట మొదట ఛాయాచిత్రములు తీసి, వెంటనే కంపెనీకి తెలిపి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. క్లెయిము పత్రమును 30 దినములలోగా దాఖలు చేయవలెను. మరింత చెడకుండ కప్పుమీద టార్పాలిను పట్టా కప్పవచ్చును, కప్పవలెను గూడ. కాని సర్వేయరు చూడకమునుపు విరిగిన పెంకును, తడిసిన పరుపును పారవేయరాదు. పట్టాకును, కూలికిని అయిన రసీదులను భద్రపరచవలెను. శిథిలములు తొలగించుటకు క్లెయిములో నూటికి 2 వరకును, ఇంజనీరు మున్నగువారి ఫీజునకు నూటికి 5 వరకును ఈ పాలసీ ఇచ్చును. తెలియక ఈ సొమ్మును అడుగనివారే హెచ్చు.

‘కంపెనీలు ఎట్లును ఎగవేయును, మనకేల యీ శ్రమ?’ యని కొందరందురు. అన్యాయముగ త్రోసివేసిన క్లెయిములు లేవని మేమనము. ఐనను, నోటిమాటతో ‘రాదు’ అనిన తోడనే ఇంటికి మరలుట మన లోపము. కారణమును వ్రాతమూలముగ అడుగవలెను. ముందు కంపెనీకి ఫిర్యాదు వ్రాసి, వారు త్రోసివేసినను, 30 దినములలో బదులియ్యకున్నను, ఏడాదిలోగా హైదరాబాదునందలి బీమా అంబుడ్స్‌మనుకు వ్రాసికొనవచ్చును. అందుకు రుసుము లేదు, వకీలుతో పనిలేదు.

ఒంటరి రైతునకు ఈ కాగితముల పని భారమే. సహకారసంఘమున్నది ఇందుకే కదా! ఎరువు బస్తాలను పంచు సంఘము, సభ్యుల పాలసీ నకళ్లను ఒక బీరువాలో ఉంచలేదా? వానలకు ముందు ఒక ఆదివారము నాడు చదువుకొన్న యువకులను నలుగురిని ఇంటింటికి పంపి ఛాయాచిత్రములు తీయింపలేదా? క్లెయిము పత్రము నింపుటలో గుమాస్తా ఒకరికి తరిఫీదు ఇప్పింపలేదా? ఇందులకు కాగల వ్యయము స్వల్పము. రానున్న మహాజనసభలో ఈ తీర్మానమును సభ్యులలో నెవరైనను ప్రతిపాదింపవలెనని కోరుచున్నాము. నేడు ఇంటికి పోయి, పెట్టెలో నున్న పాలసీని తీసి, దాని గడువు తేదీని చూచుట మాత్రము తీర్మానము వరకు ఆగనక్కరలేదు.