నీళ్లొచ్చాయి, గజాల లెక్క మొదలైంది

కొండపోచమ్మ సాగర్ 15 టీఎంసీలు. రంగనాయక సాగర్ 3 టీఎంసీలు. మల్లన్నసాగర్ ఒక్కటే 50 టీఎంసీలు. సిద్దిపేట జిల్లా ఇన్ని నీళ్లు ఎన్నడూ చూడలేదు. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ప్రాంతం మనది. ఎండిపోయిన కూడవెల్లి వాగులోకి నీళ్లు వదిలి, చెక్‌డ్యాంలు మత్తడి దుంకినప్పుడు సంతోషపడని రైతు లేడు. ఆ నీళ్లను తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

కానీ ఆ నీళ్ల పక్కన ఏం మొలుస్తున్నదో చూడండి. రాజీవ్ రహదారి పొడవునా, కాలువ గట్ల వెంట, వాగు ఒడ్డున కడీలు పాతుతున్నారు. రిజర్వాయర్ కనిపిస్తదని, రీజనల్ రింగ్ రోడ్డు దగ్గరని బోర్డులు పెట్టి ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ వంటి ఊళ్లు మల్లన్నసాగర్‌లో మునిగాయి. లక్షల ఎకరాలు పారాలంటే ఇల్లూ భూమీ వదలక తప్పదని ఆ ఊళ్లకు చెప్పారు. వాళ్లు వదిలింది వరి మళ్ల కోసమా, పట్నం వాళ్ల వారాంతపు విడిది కోసమా?

ఒక లెక్క చూద్దాం. ఎకరం 40 లక్షలకు కొన్నారనుకోండి. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం 826 రూపాయలు పడింది. రోడ్లకు పావు వంతు పోయినా 3,630 గజాలు మిగులుతాయి. గజం మూడు వేలకు అమ్మితే కోటీ ఎనిమిది లక్షల పైచిలుకు. మధ్యలో నాటు లేదు, కోత లేదు, ఐకేపీ సెంటర్లో వడ్లు తడుస్తాయన్న రంది లేదు. లేఅవుట్ అనుమతి తీసుకుంటే పదో వంతు ఖాళీ స్థలం పంచాయతీకి వదలాలి. ఇక్కడ అదీ లేదు. గుంటల లెక్కన సాగు భూమిగానే రిజిస్టర్ చేస్తారు. సాగు మాత్రం ఉండదు.

అదే రైతు భూమి కాలువకో, రోడ్డుకో పోతే ధర కట్టే తీరు వేరు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ విలువను, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకం దస్తావేజుల సగటును చూస్తారు. గ్రామాల్లో ఆ విలువను కొంత పెంచి, దానికి సమానంగా సొలేషియం కలుపుతారు. వినడానికి బాగానే ఉంది. కానీ దస్తావేజులో రాసేది అసలు ధర కాదు. డ్యూటీ మిగలాలని కొనేవాడు ప్రభుత్వ రేటే రాయిస్తాడు, పైసల అవసరంలో ఉన్న రైతు కాదనలేడు. రేపు సర్వేయర్ వచ్చినప్పుడు ఆ కాగితమే పక్క రైతు మెడకు చుట్టుకుంటుంది. బజారులో ధర పెరిగిన కొద్దీ ప్లాట్ల వాళ్లకు లాభం. సేకరణలో పోయిన ఎకరానికి బదులు ఎకరం కొనుక్కోలేని గతి మనకు.

‘ధర పెరిగింది, రైతు ఇష్టంగానే అమ్ముకుంటున్నాడు, మీకేం నొప్పి?’ అని అడిగేవాళ్లున్నారు. బిడ్డ పెండ్లికి, దవాఖాన ఖర్చుకు, మిత్తికి అమ్మేదాన్ని ఇష్టమంటే మేం ఒప్పుకోం. మునుపు ఇక్కడ ఎకరం అమ్మినవాళ్లు లోపలి ఊళ్లో రెండెకరాలు కొనుక్కునేవారు. ఇప్పుడు లోపలి ఊళ్లకూ ఇదే ధర పాకింది. అమ్మిన రైతు కౌలుకు దిగుతున్నాడు, ఒక్కోసారి తన పాత భూమిలోనే.

కౌలుకు దిగినవాడికి ఏ కాగితమూ లేదు. 2011లో సాగుదారుల చట్టం తెచ్చి గుర్తింపు కార్డులన్నారు, అవి మూలకు పడ్డాయి. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు ఖాతాలోకే పోయింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఎకరానికి 15 వేలన్నారు. 2025లో రైతు భరోసా 12 వేలు చేశారు, అదీ పాస్‌బుక్కు ఉన్నవాళ్లకే. పంట కౌలుదారుది, సాయం పట్నంలో ఉన్న పట్టాదారుది.

అన్నిటికంటే తొందరగా కొంప ముంచేది మాత్రం ప్రహరీ గోడ. పైమడిలో ప్లాట్లు పడితే పిల్ల కాలువ పూడుతుంది. బండ్ల బాటకు గేటు పడుతుంది. ప్రధాన కాలువ నిండా పారుతున్నా కిందిమడి ఎండుతుంది. ఊరంతా వాడుకున్న బాట గురించి అడిగితే, పాస్‌బుక్కులో బాట ఎక్కడుందో చూపించమంటున్నారు.

ఆయకట్టు భూముల్లో ఫామ్ ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపాలి. భూసేకరణలో బజారు ధరను లెక్కలోకి తీసుకోవాలి. సాగు చేసేవాడి పేరు రికార్డుకెక్కాలి. వీటి మీద సర్కారుతో కొట్లాట సాగుతుంది. కాలువల సంగతి అంతదాకా ఆగదు. ఏ సర్వే నంబరులో పిల్ల కాలువ పూడ్చారో, ఏ బాట మూశారో ఊరివారీగా రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి ఒక కాపీ తహసీల్దారుకు, ఒకటి ఇరిగేషన్ డీఈకి ఇచ్చి రసీదు తీసుకోండి. మూడో కాపీ సంఘానికి పంపండి. యాసంగి నార్లు పోయకముందే ఈ పని కావాలి.