ఆ అడ్రస్ ఖాళీ కాదు, బీడు



మన కోయ మాటలు, మన ఊళ్ల పేర్ల వెనక ఉన్న కథలు ఒకచోట రాసి పెడదామని మొన్న హాస్టల్‌లో నలుగురం కూర్చుని బ్లాగు తెరవబోయాం. మేం అనుకున్న పేరు కొట్టగానే ఇది ఇప్పటికే ఎవరో తీసుకున్నారు అని వచ్చింది. ఎవరా అని తెరిచి చూస్తే ఒకే ఒక్క పోస్టు. త్వరలో మన జాతి చరిత్ర ఇక్కడ రాస్తాం అని రెండు లైన్లు. తొమ్మిదేళ్ల కిందటిది. ఆ తర్వాత ఏమీ లేదు.

మాకు బాగా కోపం వచ్చింది. వాడనోళ్లకి పేరెందుకు, తీసి మాకివ్వండి అని కంపెనీకి రాశాం. కుదరదన్నారు. వాళ్లు వాడినా వాడకపోయినా ఇంకొకరికి ఇవ్వరట.

రెండు రోజులు తిట్టుకున్నాం. అప్పుడు మాలో ఒకడు, "మన పోడు గురించి కూడా ఇదే మాట అన్నారు కదరా" అన్నాడు. అందరం ఆగిపోయాం. మన తాతలు పోడు కొట్టి, కొన్ని పంటలు తీసి, అడవి మళ్లీ లేవాలని ఆ చోటు వదిలి పక్కకి పోయేవాళ్లు. వాళ్ల లెక్కలో అది బీడు, మళ్లీ వస్తారు. బయటోళ్ల కంటికి అది ఖాళీ భూమి. వాడట్లేదు కాబట్టి మాకిచ్చెయ్యండి అనే మాట మన నోటి నుంచే వచ్చిందంటే సిగ్గేసింది.

అలా ఇచ్చి చూసినోళ్లు కూడా ఉన్నారు. 2013లో యాహూ ఏడాదికి పైగా వాడని మెయిల్ ఐడీలను వేరేవాళ్లకి ఇచ్చింది. కొత్తగా తీసుకున్న కొందరికి పాత మనిషి సొంత మెయిల్స్ వచ్చి పడ్డాయి. జీమెయిల్ అయితే ఖాతా తీసేసినా ఆ ఐడీ ఇంకొకరికి ఇవ్వదు. మేం ఇప్పుడు ఆ పద్ధతే సరైందంటాం. డబ్బు కట్టి తీసుకునే డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లు వేరే సంగతి, అవి కౌలు లాంటివి. కట్టడం మానేస్తే గడువు దాటాక ఎవరైనా తీసుకోవచ్చు.

అసలు బాధ ఇంకోటి. ఆ రెండు లైన్లు రాసింది కచ్చితంగా మనోళ్లే. ఎందుకు ఆపేశారో మాకు తెలీదు గానీ ఊహించగలం. డిగ్రీ అయిపోయి ఊరికి పోయుంటారు. రీచార్జ్ లేక సిమ్ పోయుంటుంది. ఆగిపోయిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీలు వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. ఇక ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతుందో! మా హాస్టల్ పాత మెయిల్ కూడా ఇట్లాగే పోయింది. ఫొటోలన్నీ అందులోనే ఉండిపోయాయి.

అందుకే పేరు కోసం కొట్లాడటం మానేసి, చివర మా మండలం పేరు కలిపి కొత్తది తీసుకున్నాం. ముగ్గురిని అడ్మిన్లుగా పెట్టాం, అందులో ఒకరు ఫస్టియర్ చెల్లి. పాస్‌వర్డ్ కమిటీ నోట్‌బుక్కులో రాసి ట్రంకు పెట్టెలో పెట్టాం. నవ్వుకుంటే నవ్వుకోండి. మీ దగ్గర గ్రూపులు, పేజీలు ఒక్కరి నంబరు మీదే ఉంటే ఈ వారమే ఇంకొకర్ని కలపండి.

ఆ రెండు లైన్లు రాసిన అన్నా, అక్కా, మీరు ఈ గ్రూపులోనే ఉంటే ఒక మెసేజ్ పెట్టండి. తాళం దొరక్కపోయినా పర్లేదు. మీరు రాస్తానన్నది ఇంకా ఎవరూ రాయలేదు. నాలుగో అడ్మిన్ చోటు మీకోసం ఉంచాం.