బోటుకు విలువ కట్టారు, చేతికి ఎవరు కడతారు?

కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ పెద్దలకు,

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లనూ ఒకేసారి అమల్లోకి తెచ్చారు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఇంటింటికీ తిండి పొట్లాలు మోసే యాప్ కుర్రాళ్లకు చట్టంలో చోటు దొరికింది. ఇంటి నుంచి పనికి వెళ్తూ దారిలో ప్రమాదం జరిగినా అది పనిలో జరిగినట్టే లెక్క అన్నారు. మంచిదే, ఎవరూ కాదనరు. మరి రోజుల తరబడి ఇల్లూ పనిచోటూ ఒకే చేపల బోటుగా బతికే కలాసీ సంగతేమిటి? అతనికి దారి ఎక్కడ మొదలవుతుంది, పని ఎక్కడ ముగుస్తుంది?

చట్టం అతన్ని పూర్తిగా మరిచిందని కాదు. యంత్రశక్తితో నడిచే నౌక మీద పనిచేసే నావికుడికి 1923 చట్టం రెండో షెడ్యూలులోనే చోటిచ్చారు. ఓడలోనే గాయపడిన నావికుడు ప్రమాదం గురించి విడిగా నోటీసు ఇవ్వనక్కర్లేదని కూడా 15వ సెక్షన్‌లో రాశారు. నడిసముద్రంలో వేళ్లు తెగినవాడు కాగితం కోసం వెతుక్కోలేడన్న ఇంగితం వందేళ్ల కిందటి తెల్లదొరలకే ఉంది.

చోటు ఉన్నా అతన్ని అక్కడికి చేరనివ్వనిది వాటా పద్ధతి. ఈ సంగతి మీ శాఖకు కొత్తగా చెప్పాలా? విశాఖ చేపలరేవులో మరబోటు ఎక్కే కలాసీల్లో చాలామందికి నియామక పత్రం ఉండదు, జీతం చీటీ ఉండదు. సరుకు అమ్మాక డీజిలు, ఐసు, తిండి ఖర్చులు పోగా మిగిలినదాంట్లో వాటా. వేట సాగినన్నాళ్లూ అందరికీ బాగానే ఉంటుంది. చెయ్యి నలిగిన రోజున మాత్రం అతను జీతగాడు కాదు, వాటాదారు అనే మాట వినిపిస్తుంది. బోటు అమ్మితే వచ్చే డబ్బులో అతనికి వాటా ఉందా? వేటకు ఎప్పుడు పోవాలో, ఎన్నాళ్లు ఉండాలో తేల్చేది అతనా? సరుకుకు ధర పలకనప్పుడు నష్టంలో పాలివాడై, వేళ్లు పోయినప్పుడు ఎవరికీ ఏమీ కానివాడవుతున్నాడు.

వల లాగే వించ్ దగ్గర ఒక్క పూట నిలబడితే మీ అధికారులకు మరో వివరణ అక్కర్లేదు. ఇనుప తాడు డ్రమ్ము మీద చుట్టుకుంటుంటే చాలా బోట్లలో దాన్ని సర్దేది చేతులతోనే. అల ఒక్కసారి బోటును పక్కకు ఒరగదీస్తే చొక్కా చెయ్యి ముందు పోతుంది, దాని వెంట వేళ్లు పోతాయి. బరువు మించి తెగిన తాడు కొరడాలా వెనక్కి తిరిగి కొడుతుంది. వల నోరు విప్పి ఉంచే బోర్డులు పైకి లేచేటప్పుడు ఊగి మోకాళ్లు పగలగొడతాయి. ఆ తరవాత గుడ్డ చుట్టిన చేత్తో గంటల తరబడి ప్రయాణం. ఒడ్డు చేరాక కేజీహెచ్ ఆసుపత్రి.

ఇక లెక్క చూడండి. లెక్క మీదే. ముప్పై ఏళ్ల కలాసీకి బొటనవేలు పోయిందనుకుందాం. 1923 చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం అది 30 శాతం నష్టం. 2020 జనవరిలో ఖరారు చేసిన నెలకు రూ.15,000 వేతన పరిమితిలో 60 శాతం తీసుకుని, ఆ వయసుకు రాసిపెట్టిన 207.98తో గుణించి, అందులో 30 శాతం కడితే రూ.5,61,546 వస్తుంది. చెయ్యే పోతే ఆ శాతం 60, పరిహారం రూ.11 లక్షల పైమాట. ఇది యజమాని చెల్లించాల్సిన బాకీ. నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా.

రేవులో అందరి నోటా వినిపించేది మాత్రం మత్స్య సంపద యోజన ప్రమాద బీమా. చనిపోయినా, పూర్తిగా అవిటివాడైనా రూ.5 లక్షలు. శాశ్వత పాక్షిక వైకల్యానికి రూ.2.5 లక్షలు, అది బొటనవేలైనా చెయ్యైనా. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. బీమా వద్దని ఎవరు అంటారు? కానీ బీమా చేతికందగానే ‘వచ్చింది కదా’ అని ఫైలు కట్టేస్తే యజమాని బాకీ ఎటు పోయింది? సర్కారు దయ చూపితే చట్టం నోరు మూసుకోవాలని ఎక్కడ రాసి ఉంది?

2023 నవంబరు 19 రాత్రి ఇదే రేవులో బోట్లు వరసగా తగలబడ్డాయి. బోటు విలువలో 80 శాతం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం రోజుల్లోనే ప్రకటించింది. అప్పులు చేసి బోటు కట్టించుకున్నవాళ్లకు అది న్యాయమే. కర్రకూ ఇంజనుకూ అంత త్వరగా విలువ కట్టగలిగిన యంత్రాంగం మనిషి వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది?

పాత సంగతులు తవ్వితే ఈ కాగితం చాలదు. సరుకు ఓడల నావికులకు వర్తించే సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. అందులో చేపల బోట్లు లేవు. వాటి కోసమే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో వేరే ఒడంబడిక చేసింది. పనివాళ్ల జాబితా ఒడ్డున ఇచ్చి వెళ్లాలని, రాతపూర్వక ఒప్పందం ఉండాలని, గాయపడితే వైద్యం, పరిహారం అందాలని అందులో ఉంది. థాయిలాండ్ 2019లో దాన్ని ఆమోదించింది. మనం ఎందుకు ఆమోదించలేదు? శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లెక్కేవాళ్ల గతేమిటి? 2018 నవంబరులో వాళ్లలో కొందరు పాకిస్తాన్‌కు చిక్కితే తప్ప వాళ్లు అక్కడ పనిచేస్తున్నారన్న సంగతే దేశానికి పట్టలేదు. అక్కడ చెయ్యి పోగొట్టుకుని ఇచ్ఛాపురం తిరిగొచ్చినవాడు తన ఊళ్లోనే దావా వేసుకోవచ్చని పాత చట్టం 21వ సెక్షన్ చెప్పింది. ఆ మాట అతనికి చెప్పే బాధ్యత ఎవరిది? మీదా, మత్స్య శాఖదా, నౌకాయాన శాఖదా? ఒకరి బల్ల మీంచి ఇంకొకరి బల్ల మీదికి తోసుకోవడానికి అతని దగ్గర ఇంకెన్ని వేళ్లు మిగిలాయి?

కోడ్‌ల నిండా నిర్వచనాలు రాశారు. వాటా మీద బతికే కలాసీ కూడా ఉద్యోగేనని ఒక్క ఉత్తర్వులో స్పష్టంగా రాయడానికి ఏం అడ్డొచ్చింది? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు కట్టే ఉంటాయి, యజమానులూ కలాసీలూ ఊళ్లోనే ఉంటారు. ఆ రెండు నెలల్లోనైనా మీ శాఖవాళ్లు రేవుకు వచ్చి, ఏ బోటు మీద ఎవరు పనిచేస్తున్నారో రాసుకుని, ఏదో ఒక దారి చూపించండి.

ఇట్లు,
విశాఖ రేవు సంగతులు రాసే ఒక విలేకరి