స్కాచ్‌కు ఉన్న మర్యాద ఇప్పసారాకు ఎందుకు లేదు?

ముందే చెప్తున్న, ఇది తాగుమని చెప్పే పోస్టు కాదు.

సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను రుచి చూసే వీడియోలు ఇప్పుడు అందరి ఫోన్లల్ల తిరుగుతున్నయి. సన్నమూతి గ్లాసుల కొంచెం పోస్తరు, వాసన పీలుస్తరు, రెండు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూస్తరు. తేనె, ఎండుద్రాక్ష, పొగ అని పేర్లు చెప్తరు. మింగినంక రుచి ఎంతసేపు నిలిచిందో చూస్తరు. అది విద్యనే, కాదనను.

దాని లెక్క కూడ తెలుసుకోవాలె. మొలకెత్తిన బార్లీతోని ఒకే డిస్టిలరీల కాచి, స్కాట్లాండ్‌లనే ఓక్ పీపాలల్ల కనీసం 3 ఏండ్లు ఉంచాలె. వెనీలా వాసన పీపా కర్రది. పొగ వాసన బార్లీ ఆరబెట్టేటప్పుడు కాల్చిన పీట్ మట్టిది. సీసా మీద 12 అని ఉంటే, అందుల కలిపినవాటిల్ల అన్నిటికంటె చిన్నదాని వయసు 12 ఏండ్లు. రంగు చూసి మాత్రం వయసు చెప్పలేం, కారమెల్ రంగు కలుపుకోనీకి అక్కడి చట్టమే ఒప్పుకుంటది. ఏండ్లు ఎక్కువైనయని మంచిదే అనుకోవద్దు, కర్ర చేదు మిగిలే పీపాలు కూడ ఉంటయి.

ఇగ మన దిక్కు చూడండి. తెల్లారకముందు రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, పులియబెట్టి కాస్తరు. మన పెద్దమనుషులు నాలుగు చుక్కలు మంటల వేసి, మంట లేచిన తీరు చూసి ఎంత గట్టిదో చెప్తరు. వాసన పట్టి పువ్వు మంచిదో బూజు పట్టిందో చెప్తరు. దేవునికి ధార పోసినంకనే నోట్ల పోసుకుంటరు. వాళ్లు చేస్తే టేస్టింగ్, మనోళ్లు చేస్తే కేసు. పైగా బెల్లం, పటికతోని కాచే గుడుంబానూ దీన్నీ ఒక్కటే గాటన కడ్తరు.

స్కాట్లాండ్ కొండలల్ల కూడ ఒకప్పుడు దొంగచాటుగనే కాచేటోళ్లు. 1823ల ఎక్సైజ్ చట్టం ఫీజు కట్టి లైసెన్సు తీసుకునే దారి తెరిచింది. 1824ల గ్లెన్‌లివెట్ రైతు జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకున్నడు. అంటే మర్యాద రుచితోనే రాలేదు, చట్టంతోని వచ్చింది. మన దేశంల మధ్యప్రదేశ్ ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్ అని గుర్తించి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు అప్పజెప్పింది.

అయితే తాగుడుతోని మన ఇండ్లు ఎట్ల ఆగమైతున్నయో మన అమ్మలకు తెలుసు. 1992ల దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేపింది ఆడవాళ్లే. అందుకే నా మాట ఇది: ఏ ఊర్ల కాయాలె, ఎంత కాయాలె, అసలు కాయాల్నా వద్దా అనేది గ్రామసభల ఆడవాళ్ల మాటతోనే తేలాలె. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల మీద గ్రామసభకు అధికారం ఇచ్చింది. మన గొల్లపల్లి, మన జగిత్యాల జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి ఆ హక్కు మనకు లేదు, దాన్ని అడగాలె. రేపు లైసెన్సులు వస్తే కంపెనీలకు కాదు, మన సంఘాలకే ఇయ్యాలె. లేకుంటె పువ్వు ఏరే కూలి మనకు, సీసా మీద పేరు వేరేటోళ్లకు. ఉట్నూరుల మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలతోని పేరు తెచ్చుకున్నరు, తొవ్వ అదొకటి కూడ ఉన్నది.

గోండి, కోయ, కొలామీ, నాయకపోడు పెద్దలు ఇప్పసారా మంచిచెడ్డలు చెప్పే మాటలు మీ ఇంట్ల అడిగి రాసిపెట్టండి. ఆ మాటలు పోతే, రేపు మన పువ్వు రుచి కూడ వేరేటోళ్లే మనకు చెప్తరు.