మునిగిపోయిన చక్రవర్తులు

ఇటీవల ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా ఒక పట్టిక దగ్గర నా కలం ఆగింది. మేజీ, సుయికో, నింటోకు - అన్నీ జపానును ఏలిన ప్రభువుల పేర్లే. కాని అది రాజవంశావళి కాదు. పసిఫిక్ మహాసముద్ర గర్భంలో నిలిచిన పర్వతాల జాబితా. 1954లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డీట్జ్ ఈ శ్రేణికి చక్రవర్తుల పేర్లు పెట్టాడు.

ఇవన్నీ ఒకనాడు నిప్పులు కక్కిన కొండలు. హవాయి ద్వీపాల పుట్టుకకు 1963లో కెనడా శాస్త్రజ్ఞుడు టూజో విల్సన్ చెప్పిన కారణమే వీటికీ వర్తిస్తుంది. భూగర్భంలో ఒకచోట అత్యుష్ణ స్థానం ఉంది. దాని మీదుగా సముద్రపు అడుగున ఉన్న శిలాఫలకం ఏడాదికి 10 సెంటీమీటర్లకు మించని వేగంతో జరిగిపోతున్నది. వెలుగుతున్న దీపం మీదుగా కాగితాన్ని మెల్లగా లాగితే మసి మచ్చలు వరుసగా పడవూ? అలాగే అగ్నిపర్వతాలు ఒకదాని వెంట ఒకటి పుట్టాయి.

ఆ స్థానాన్ని దాటిన కొండ చల్లారుతుంది. అలలు దాని శిఖరాన్ని కోసివేస్తాయి. అడుగు నేల చల్లబడి కుంగుతుంది. ద్వీపం నీట మునుగుతుంది. హవాయి నుండి కంచట్కా సమీపం వరకు సుమారు 6,000 కిలోమీటర్ల పొడవున ఈ గొలుసు సాగింది. ఉత్తరపు కొసనున్న మేజీ వయస్సు 8 కోట్ల సంవత్సరాలకు పైమాటే.

అగ్ని ఆరినా జీవం ఆరలేదు. ప్రవాహాలు తాకే ఈ వాలుల మీద పగడాలు, స్పంజికలు పెరిగాయి, చేపలు గుమికూడాయి. 1960ల చివర సోవియట్, జపాన్ నౌకలు ఇక్కడ బరువైన వలలను కొండల మీదుగా ఈడ్చాయి. పదేళ్ళు గడిచేసరికి చేపలు తరిగిపోయాయి. శతాబ్దాల తరబడి పెరిగిన పగడాలు పొడిపొడి అయ్యాయి.

అయినా ఆశ మిగిలింది. హవాయి వైపున, 1977 నుండి రక్షణ పొందుతున్న కొండలపై పగడాలు మళ్ళీ మొలకెత్తుతున్నట్లు 2019లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. వలల గీతలు మాత్రం ఇంకా చెరగలేదట.

నా అనువాదంలో మొదట ‘మృత అగ్నిపర్వతం’ అని వ్రాశాను. ఇది చదివిన తరువాత ఆ మాట కొట్టివేసి ‘చల్లారిన అగ్నిపర్వతం’ అని దిద్దుకున్నాను.