గుడ్డు హక్కు, చదువు ఐచ్ఛికమా?

అంగన్‌వాడీల్లో గుడ్లు చిన్నవనీ, పాలు అందడం లేదనీ వార్తలు. పక్క పేజీలో ‘మెదడుకు మేలుచేసే ఆహారాలు’ అంటూ బాదం, అక్రోట్ల బొమ్మలు. పళ్లెంలో ఏం పడితే అంత తెలివి అన్నట్టు సాగుతున్న ఈ చర్చ సగం నిజమే చెబుతోంది.

తిండి ప్రభావం చిన్నదేం కాదు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో, 15 ఊళ్ల గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న-సోయా పిండితో ఉప్మా వండిపెట్టారు. ఆ ఊళ్ల పిల్లలు పెద్దయ్యాక చూస్తే, మిగతా 14 ఊళ్లవారి కంటే చదువులో ముందున్నారు. మెదడు ఎదుగుదలకు ఇనుము కీలకం. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం.

మిగతా సగం జమైకాలో తేలింది. కింగ్‌స్టన్‌లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్లలో కొందరికి వారానికి కిలో పాలపొడి ఆహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట వెళ్లి, ఇంట్లోని వస్తువులతోనే బొమ్మలు చేసి ఆడించారు, మాట్లాడించారు. కొందరికి రెండూ అందాయి. 22 ఏళ్ల వయసు దాకా నిలిచిన మేలు ఆటపాటలదే.

మన చట్టాలు ఈ రెండింటినీ విడదీశాయి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ భోజనం హక్కు. పెట్టకపోతే సెక్షన్ 8 కింద రాష్ట్ర ప్రభుత్వం భత్యం చెల్లించాలి. అదే పిల్లల చదువు సంగతికొస్తే, విద్యాహక్కు చట్టం సెక్షన్ 11 దాన్ని ప్రభుత్వాల ఇష్టానికే వదిలేసింది.

ఇది మొదటినుంచీ ఇలాలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. కింది వయసుకు హద్దు పెట్టలేదు. 2002లో 86వ సవరణ వచ్చి ఆ హక్కును 6-14 ఏళ్లకు కుదించి, ఆరేళ్లలోపువారిని 45వ అధికరణలోని ఆదేశిక సూత్రానికి అప్పగించింది. దాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకోలేం. ఈ సవరణను విద్యాహక్కు విస్తరణగా పొగిడినవాళ్లు పసిపిల్లలు పోగొట్టుకున్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆరేళ్లలోపు చదువునూ హక్కు చేస్తే రాష్ట్రాలకు భారమవుతుందన్నది పాత అభ్యంతరం. కానీ అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి, టీచర్లున్నారు. రికార్డుల భారం తగ్గించి, ఆడించి నేర్పే శిక్షణ వారికివ్వాలి. సెక్షన్ 11ను తప్పనిసరి బాధ్యతగా మార్చాలి. అందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, పార్లమెంటులో సాధారణ మెజారిటీ చాలు.