బాతుకి ఏ నంబరు తూటా?

పాత గడీలో గోడకి వేలాడే డబుల్ బ్యారెల్ తుపాకి. కింద చెక్కపెట్టెలో రంగు వెలిసిన తూటాలు. వాటిమీద అంకెలు... 1, 4, 6! కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తాతల షికారు కథలు వింటూ పెరిగినవాళ్లకి ఆ అంకెలు కొత్తకాదు. చలికాలం వచ్చిందంటే చెరువుగట్టున జరిగే మొదటి చర్చ అదే... ‘బాతుకి ఏ నంబరు?’

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దాని వెనక పెద్ద లెక్కే ఉంది.

షికారు తూటాలో ఒకే గుండు ఉండదు. వందల కొద్దీ చిన్నచిన్న సీసపు గుళ్లుంటాయి. తమాషా ఏంటంటే... నంబరు పెరిగేకొద్దీ గుండు సైజు తగ్గుతుంది. బ్రిటిష్ పద్ధతి ప్రకారం ఔన్సు (సుమారు 28 గ్రాములు) సీసంలో ఆరో నంబరు గుళ్లు 270 పడతాయి. నాలుగో నంబరైతే 170. అంతకన్నా పెద్దదైన ‘బీబీ’ రకమైతే డెబ్భయ్యే!

చిన్న గుళ్లు ఎక్కువుంటాయి కాబట్టి పిట్టకి తగిలే అవకాశం ఎక్కువ. కానీ తేలికవి కదా, దూరం వెళ్లేసరికి బలం చచ్చిపోతుంది. పెద్ద గుళ్లు బలంగా వెళ్తాయి. కానీ సంఖ్య తక్కువ కాబట్టి మధ్యలో ఖాళీలుంటాయి. అందుకే మామూలు బాతులకి 5, 6... దట్టమైన ఈకలుండే పెద్దబాతులకి 3, 1 అని షికారీలు లెక్క చెప్పుకునేవారు. ఏ నంబరు వాడినా దూరం మాత్రం 40 గజాలు దాటకూడదన్నది నియమం. పెద్దబాతుతో మరో చిక్కు కూడా ఉంది. ఒళ్లు పెద్దది కాబట్టి ఎంతో దూరాన ఉన్నా దగ్గరున్నట్టే కనిపిస్తుంది! నంబరు తప్పినా, దూరం తప్పినా పిట్ట అక్కడికక్కడ పడదు. ఒంట్లో రెండు గుళ్లతో ఎగిరిపోయి, ఏ తుంగలోనో రెండు రోజులు కొట్టుకుని చనిపోతుంది. మంచి షికారీ అంటే గురిగలవాడే కాదు, పేల్చకూడనప్పుడు తుపాకి దించేవాడు కూడా.

మరి గురి తప్పిన గుళ్ల సంగతి? నీళ్లలో పడ్డాయి, పోయాయి అనుకునేవారంతా. నిజానికి అవి ఎక్కడికీ పోవు!

బాతులకి పళ్లుండవు. తిన్న గింజల్ని నలగ్గొట్టుకోవడానికి చిన్నచిన్న రాళ్లు మింగుతాయి. చెరువు అడుగున ఉన్న సీసపు గుండూ వాటికి రాయిలాగే కనిపిస్తుంది. కడుపులో పడ్డాక అది అరిగి, ఆమ్లాల్లో కరిగి విషం రక్తంలోకి చేరుతుంది. జీర్ణకోశం పనిచేయదు. కడుపు నిండా తిండి ఉన్నా బాతు ఆకలితో చిక్కి చనిపోతుంది. తుపాకి మోత ఆగిన చాలాకాలానికి జరిగే చావు ఇది! ఇలా అమెరికాలో ఏటా 16 నుంచి 24 లక్షల నీటిపక్షులు చనిపోతున్నాయని ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే శాస్త్రవేత్త 1959లో అంచనా వేశారు. చివరికి 1991లో అక్కడ నీటిపక్షుల వేటకి సీసపు గుళ్లని పూర్తిగా నిషేధించారు. 2023 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లోని చిత్తడినేలల్లోనూ నిషేధం అమలవుతోంది. ఇప్పుడక్కడ ఉక్కు, బిస్మత్ గుళ్లు వాడుతున్నారు. ఉక్కు తేలిక కాబట్టి సీసంకన్నా రెండు సైజులు పెద్దవి ఎంచుకోవాలట. అంటే... పాత లెక్కలన్నీ మళ్లీ మొదటికొచ్చాయన్నమాట!

మన దగ్గర మాత్రం ఏ లెక్కా అక్కర్లేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజే 4,273 పక్షుల్ని కూల్చింది. అప్పట్లో అదో ఘనత! 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మిగిలిన కొద్దిపాటి వేట లైసెన్సులకీ 1991 సవరణతో కాలం చెల్లింది. ఇప్పుడు అడవి బాతుని వేటాడితే మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. లైసెన్సున్న తుపాకితో కొట్టినా, నాటు తుపాకితో కొట్టినా, వల వేసి పట్టినా... అన్నీ నేరాలే. ‘మా తాత కొట్టేవాడు’ అంటే కోర్టు ఊరుకోదు.

మరి పెట్టెలో ఉన్న ఆ తూటాలు? లైసెన్సు గడువు తీరిపోయినా, లైసెన్సుదారు చనిపోయినా తుపాకినీ తూటాల్నీ ఇంట్లో ఉంచుకోకూడదు. ఆయుధాల చట్టం ప్రకారం దగ్గర్లోని పోలీస్‌స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. పైగా పాతవన్నీ కాగితపు తూటాలు. చెమ్మ తగిలితే ఉబ్బిపోతాయి. పేల్చి చూద్దామన్న సరదా అస్సలు వద్దు!

బాతులు మాత్రం వస్తూనే ఉన్నాయి. కరీంనగర్ పక్కన దిగువ మానేరు, ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఉండి 2016లో నిర్మల్ జిల్లాలోకి వెళ్లిన కడెం... నీళ్లున్న చోటల్లా చలికాలం వలసపక్షులు దిగుతాయి. తెలంగాణ జలాశయాలకొచ్చే అతిథుల్లో బార్ హెడెడ్ గూస్ ఒకటి. తెల్లటి తలమీద రెండు నల్లచారలుంటే అదే! మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటుకుని మరీ వస్తుంది. అంత దూరం వచ్చిన చుట్టానికి నంబరు చూసి తూటా ఎంచడం మర్యాదేనా!

అంకెల సరదా తీరనివాళ్లకి వేరే అంకెలున్నాయి... 8×42, 10×42! ఇవి బైనాక్యులర్ మీద ఉండేవి. మొదటిది ఎన్నిరెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. చేయి వణికేవాళ్లకి 8 మేలు. దూరం ఎక్కువుంటే 10. దీనికి మాత్రం 40 గజాల హద్దు లేదు. ఎన్నిసార్లు గురిపెట్టినా పిట్ట మళ్లీ ఏడాది వస్తుంది!